నరసన్నపేట మాస్టారి ఇంటి లెక్క: లాంజ్ కార్డు పోయి కిరాణా కార్డు వచ్చిన కథ

2024 జూన్‌లో రిటర్ను వేయించుకోవడానికి వచ్చిన ఒక మాస్టారు ఫారం-16 (జీతం, కోసిన పన్ను వివరాల పత్రం)తో పాటు ఒక నల్లటి క్రెడిట్ కార్డు కూడా నా బల్ల మీద పెట్టారు. "సార్, మూడేళ్లయింది ఇది తీసుకుని. ఏటి మిగిలిందో ఒక్కసారి లెక్క కట్టి చెప్పండి. పాయింట్లు వస్తన్నాయంటారు గానీ చేతికేటీ తగల్లేదు" అన్నారు. పక్కన కూర్చున్న ఆయన భార్య ఏమీ అనలేదు గానీ, సంచీలోంచి పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తీసి నా ముందు పెట్టారు. నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించి, నెలల వారీగా పిన్ను కొట్టి తెచ్చారు. ఈ కేసు ఆ కాగితాల వల్లే నిలబడింది.

నేను శ్రీకాకుళంలో పన్ను రిటర్నులు, కుటుంబాల జమా ఖర్చులు చూస్తుంటాను. ఏ బ్యాంకు కార్డూ అమ్మను, ఎవరి దగ్గరా కమీషను తీసుకోను. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాళ్లు కొన్ని మార్చాను, లెక్క ధోరణి మార్చలేదు. కార్డుల పేర్లు కావాలనే రాయడం లేదు. షరతులు తరచూ మారిపోతుంటాయి. ఈ వ్యాసంలో చూసిన పేరు పట్టుకుని ఎవరో అప్లై చేస్తే, అప్పటికి ఆ కార్డు వేరే కార్డు అయిపోయి ఉంటుంది.

మాస్టారిది ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం. ఇల్లు నరసన్నపేటలో, స్కూలు పక్క మండలంలో. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతారు. కూతురు విశాఖలో ఇంజనీరింగ్. ఇంటి లోను వాయిదా జీతంలోంచే పోతుంది.

ముందు పాత కార్డు సంగతి. ఒక మాల్‌లో టేబులు వేసుకుని కూర్చున్న ఏజెంటు ఇచ్చాడు. "లైఫ్‌టైమ్ ఫ్రీ, పాయింటుకి రూపాయి, ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో భోజనం ఉచితం" అన్నాడట. ఫ్రీ అన్న మాట మొదటి ఏడాదికే వర్తించింది. రెండో ఏడాది నుంచి రూ.2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం రూ.2,950 బిల్లులో పడుతోంది. ఏడాదిలో రూ.3 లక్షలు గీకితే ఆ ఫీజు రద్దు. మాస్టారు గీకింది రూ.2.40 లక్షలు.

లాంజ్ మాట కూడా చెప్పాలి. నరసన్నపేట నుంచి విశాఖ ఎయిర్‌పోర్ట్ వంద కిలోమీటర్ల పైమాటే. ఈ కుటుంబం మూడేళ్లలో విమానం ఎక్కలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి పోయి రైలెక్కుతారు. ఈ కార్డుకి కట్టే ఫీజులో కొంత ఎవరో విమాన ప్రయాణికుడు తినే భోజనానికి.

పాయింట్ల దగ్గర మాస్టారి లెక్క ఇలా ఉంది: రూ.150కి 2 పాయింట్లు, రూ.2.40 లక్షలకి 3,200 పాయింట్లు, పాయింటుకి రూపాయి చొప్పున రూ.3,200. ఫీజు పోగా కొద్దో గొప్పో మిగలాలి. స్టేట్‌మెంట్లో ఉన్నవి 986 పాయింట్లు. ఎందుకని? కాలేజీ ఫీజు రూ.1.30 లక్షలకి పాయింట్లు లేవు. పెట్రోలు రూ.36,000కి లేవు. మిగిలిన రూ.74,000కే వచ్చాయి. పాయింటుకి రూపాయి అన్నది వాళ్ల కేటలాగులో సామాన్లు కొంటే వచ్చే విలువట. బిల్లులో తగ్గించుకుంటే 25 పైసలే. అంటే రూ.246. మార్చుకోవడానికి రూ.99, దాని మీద జీఎస్టీ కలిపి రూ.117 తీసుకుంటారు. చేతికి మిగిలేది రూ.129.

ఆ అంకె కాగితం మీద రాసి వాళ్ల వైపు తిప్పాను. మాస్టారు మౌనంగా చూశారు. ఆవిడ మాత్రం జూలై, ఆగస్టు స్టేట్‌మెంట్లు పైకి లాగి, "అన్నయ్య గారూ, ఇదేటో కూడా చెప్పండి" అన్నారు. పెన్సిలుతో చుట్టిన ఒక వరుస. ఫైనాన్స్ ఛార్జీ, అంటే వడ్డీ.

కూతురి మొదటి విడత ఫీజు రూ.65,000 కార్డు మీద కట్టారు. ఆ నెల బిల్లు రూ.78,000 వచ్చింది. జీతంలో అంత సర్దుబాటు కాక, బిల్లు మీద పెద్దక్షరాల్లో కనిపించే 'కనీస మొత్తం' రూ.3,900 కట్టి ఊరుకున్నారు. మిగతాది తర్వాత నిదానంగా కట్టొచ్చనుకున్నారు. ఆ కార్డు వడ్డీ నెలకి 3.6 శాతం, ఏడాదికి 43.2. అది కూడా గడువు తేదీ నుంచి కాదు, గీకిన రోజు నుంచి. బాకీ ఉన్నంత కాలం కొత్తగా గీకిన ప్రతి కిరాణా బిల్లుకీ వడ్డీ లేని రోజులు పోయాయి. రెండు బిల్లుల్లో వడ్డీ రూ.6,480, దాని మీద జీఎస్టీ రూ.1,166. మొత్తం రూ.7,646.

రూ.129 రావడానికి, వార్షిక ఫీజుతో కలిపి రూ.10,596 పోయింది. మాస్టారు ఎవరికీ బాకీ ఎగ్గొట్టే మనిషి కాదు. కనీస మొత్తం కడితే బాకీ సక్రమంగా కట్టినట్టేనని నిజంగా నమ్మారు. చదువుకున్న వాళ్లలో కూడా నా దగ్గరికొచ్చే పది మందిలో సగం మంది ఇలాగే నమ్ముతారు. అందుకే ఏ కార్డు మంచిదని అడిగినవాళ్లని నేను ముందు ఇదే అడుగుతాను: గత ఏడాది ఒక్క నెలైనా పూర్తి బిల్లు కట్టకుండా వదిలేశారా? అవునంటే రివార్డుల మాట తర్వాత చూద్దాం అంటాను. ఒకటి, రెండు శాతం కోసం నలభై శాతం వడ్డీ కట్టే బేరం ఏ సంతలోనూ కుదరదు.

ఇంటి ఖర్చు విప్పి చూస్తే

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు బ్యాంకు స్టేట్‌మెంట్, కార్డు స్టేట్‌మెంట్, ఆవిడ నోటు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి రెండు సాయంత్రాలు కూర్చున్నాం. లోను వాయిదా కాకుండా ఖర్చు రూ.5,96,000 తేలింది. ఇంటి సరుకులు, పాలు, కూరలు, చేపలు రూ.1,68,000. కాలేజీ, హాస్టలు రూ.1,30,000. ఆన్‌లైన్ కొనుగోళ్లు రూ.84,000, ఇందులో ఆవిడ కుట్టుపని లైనింగులు, లేసులు, దారాలూ ఉన్నాయి. బట్టలు, పండగలు, మందులు రూ.60,000. కరెంటు, ఫోన్లు, గ్యాసు రూ.54,000. ఇన్సూరెన్స్ ప్రీమియాలు రూ.46,000. పెట్రోలు రూ.36,000. రైలు, బస్సు రూ.18,000. బియ్యం ఆవిడ పుట్టింటి నుంచి వస్తాయి కాబట్టి లెక్కలో లేవు.

ఆరు లక్షల ఖర్చు ఉంది కదా, రెండు శాతం కార్డు తీసుకుంటే పన్నెండు వేలు వస్తాయనుకోవడం దగ్గరే చాలామంది బోర్లా పడతారు. ఒక్కో పద్దుకీ మూడు ప్రశ్నలు వేయాలి. అక్కడ కార్డు తీసుకుంటారా? తీసుకుంటే పైన ఏమైనా వడ్డిస్తారా? ఆ పద్దుకి బ్యాంకు రివార్డు ఇస్తుందా? ప్రతి వ్యాపారానికీ కార్డు నెట్‌వర్కులో నాలుగంకెల కోడు ఉంటుంది. కిరాణాకి 5411, పెట్రోలు బంకుకి 5541, స్కూలుకి 8211, కాలేజీకి 8220. బ్యాంకు మీరు ఏం కొన్నారో చూడదు, ఆ కోడు చూస్తుంది. పాయింట్లు ఇచ్చేదీ మానేసేదీ దాన్ని బట్టే.

కాలేజీ ఫీజు ఇంట్లోకెల్లా పెద్ద అంకె. దాని మీదే పాయింట్లు వస్తాయని మాస్టారి ఆశ. కాలేజీ పోర్టల్లో క్రెడిట్ కార్డుతో కడితే 1 శాతం, దాని మీద జీఎస్టీ అదనం. అంటే రూ.1,534 ఎదురు ఇచ్చి, సున్నా పాయింట్లు తీసుకున్నట్టు. విద్యాసంస్థలకి యూపీఐ పరిమితిని ఆర్‌బీఐ 2023 డిసెంబరులో రూ.5 లక్షలకి పెంచింది కాబట్టి ఖాతా నుంచే నేరుగా కట్టేయొచ్చు. డబ్బు ఒక్కసారిగా కావాల్సి రావడమే అసలు సమస్య. నెలకి రూ.11,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టించాను. ఈ కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే, దీనికీ కార్డుకీ సంబంధం లేదు.

పెట్రోలు. మాస్టారు బండిలో ఎప్పుడూ రూ.200 కొట్టిస్తారు. సెప్టెంబరు స్టేట్‌మెంట్లో అలాంటివి పద్నాలుగు వరుసలు. ప్రతి దాని కిందా సర్‌ఛార్జీ ఒక శాతం, దాని మీద జీఎస్టీ. సర్‌ఛార్జీ రద్దు ఉందని కార్డు పుస్తకంలో రాసి ఉంది గానీ, ఒక్కసారికి కనీసం రూ.400 కొట్టించాలని చిన్నక్షరాల్లో ఉంది. పోనీ పెట్రోలు కంపెనీ పేరుతో వచ్చే కార్డు తీసుకుందామా అన్నారు. నాలుగు శాతం వెనక్కి వస్తే రూ.1,440, ఫీజు జీఎస్టీతో రూ.590 పోతే రూ.850. అది కూడా ప్రతి చుక్కా ఆ కంపెనీ బంకులోనే పోయిస్తే. మాస్టారి దారిలో హైవే మీద ఉన్న బంకు ఇంకో కంపెనీది. అక్కడితో ఆ మాట వదిలేశాం.

కిరాణా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం. నెలకి రూ.8,000 సరుకులు నరసన్నపేట బజారులో ఇరవై ఏళ్లుగా ఒకే దుకాణంలో కొంటున్నారు. అక్కడ స్వైప్ మెషీన్ లేదు, గల్లాపెట్టె మీద క్యూఆర్ ఉంది. 2022 నుంచి రూపే (మన దేశపు కార్డు నెట్‌వర్కు) క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు కాబట్టి అలాంటి క్యూఆర్ మీద కూడా క్రెడిట్ కార్డు పనిచేస్తుంది. వీసా, మాస్టర్‌కార్డు మీద అది కుదరదు. ఇంకో నిబంధన: క్యూఆర్ వ్యాపారి పేరు మీద రిజిస్టరు అయినదై ఉండాలి. చేపల బజారులో ఆదివారం బుట్ట ముందు పెట్టుకుని కూర్చునే అమ్మ దగ్గర ఉన్నది కొడుకు సొంత ఖాతా క్యూఆర్. దానికి క్రెడిట్ కార్డు నుంచి డబ్బు పోదు. పాలు, కూరలు, చేపలు కలిపి నెలకి రూ.6,000. అందుకే వాటిని లెక్కలోంచి తీసేశాం.

ఆవిడ నా ఎదుటే దుకాణదారుకి ఫోన్ చేశారు. స్పీకర్లో ఆయన మాట: "రెండు వేల లోపైతే ఎంతైనా కొట్టుకోండమ్మా, నాకేటీ పోదు. దాటిందంటే నాకు కోత పడతాది." ఆయన చెప్పింది నిజం. యూపీఐ మీద రూపే క్రెడిట్‌కి చిన్న వ్యాపారి దగ్గర రూ.2,000 వరకు ఛార్జీ లేదు. ఆ పైన ఆయన లాభంలోంచి కొంత బ్యాంకులకి పోతుంది. నెల సరుకు ఒకేసారి కాకుండా వారానికోసారి తెచ్చుకుంటే ఇద్దరికీ ఇబ్బంది లేదు. కానీ వారం వారం దుకాణానికి వెళితే చీటీలో లేనివి కూడా సంచిలోకి వస్తాయని ఆవిడే అన్నారు. ఆ మాట రాసుకున్నాను.

ఎంపిక, నా పొరపాటు

ఆన్‌లైన్ కొనుగోళ్లు రూ.84,000లో రూ.70,000 ఒకే సైటులో కొన్నవి. ఆ సైటు సభ్యత్వం సినిమాల కోసం ఎటూ ఉంది. రెండు కార్డులు పోటీలో మిగిలాయి.

మొదటిది ఏ సైటులో కొన్నా 5 శాతం, బయట 1 శాతం. ఫీజు రూ.999, జీఎస్టీతో రూ.1,179. ఏడాదికి రూ.2 లక్షలు గీకితే ఫీజు రద్దు. ఆన్‌లైన్ మీద రూ.4,200, రైలు టికెట్లు, బట్టలు, మందుల్లో కార్డు పడే రూ.58,000 మీద రూ.580. మొత్తం రూ.4,780. గీకేది రూ.1.42 లక్షలే కాబట్టి ఫీజు తప్పదు. మిగిలేది రూ.3,601.

రెండోది ఆ సైటుతో కలిసి బ్యాంకు ఇచ్చే కార్డు. వార్షిక ఫీజు ఎప్పటికీ లేదు. సభ్యులకి సైటులో 5 శాతం, బయట 1 శాతం. రూ.70,000 మీద రూ.3,500, మిగతా రూ.72,000 మీద రూ.720. మొత్తం రూ.4,220.

చూడటానికి మొదటిది దర్జాగా ఉంటుంది. ఈ ఇంటికి రెండోదే నయం. ఫీజు రద్దు కోసం ఇంకో అరవై వేలు ఎక్కడో గీకాలన్న ఆరాటం కూడా ఉండదు.

ఇక్కడ నేను తప్పు చేశాను. కరెంటు, ఫోన్లు, గ్యాసు, ఇన్సూరెన్స్ కలిపి లక్ష రూపాయలకి 1 శాతం వస్తుందని, ఏడాదికి రూ.5,220 అని వాళ్లకి చెప్పేశాను. ఆ రాత్రి షరతుల పత్రం మొత్తం చదివితే ఆ రెండు పద్దులకీ రివార్డు లేదని ఉంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి వెయ్యి తగ్గించి చెప్పాను. అప్పటి నుంచి రివార్డు ఎంత అన్న పేజీ కన్నా ముందు రివార్డు లేనివి ఏవి అన్న పేజీ చదువుతున్నాను. ఆ పేజీ దొరకని కార్డుని ఎవరికీ సూచించను.

మాస్టారు యూట్యూబులో చూసి నాలుగు కార్డులు ఒకేసారి పెట్టుకుందామన్నారు. వద్దన్నాను. ప్రతి దరఖాస్తుకీ సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర దాచే సంస్థలో, విచారణ నమోదవుతుంది. పైగా నాలుగు గడువు తేదీలు. ముందు సంవత్సరం ఒక్క కార్డు బిల్లే గడువుకి పూర్తిగా కట్టలేకపోయిన ఇల్లు అది.

పాత కార్డు మూయించడం అనుకున్నంత కష్టం కాలేదు. బాకీ అంతా తీర్చి అభ్యర్థన పెడితే ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకి రూ.500 కార్డుదారుకి ఇవ్వాలని ఆర్‌బీఐ 2022 నిబంధనల్లో ఉంది. మాస్టారు నా ఆఫీసులో కూర్చునే ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "మూడు నెలల్లో లక్ష రూపాయలు వాడండి సార్, ఫీజు వెనక్కి ఇస్తాం" అంది. మాస్టారు ఫోన్ మీద చేయి అడ్డం పెట్టి నా వంక చూశారు. రూ.2,950 కోసం లక్ష ఖర్చు. ఆ మూడు నెలల్లో ఆ ఇంట్లో కార్డు పడే ఖర్చు నలభై వేలు కూడా లేదు. నేను ఏమీ అనకముందే ఆవిడ, "వద్దని చెప్పండి" అన్నారు. ఇంటి లోను చరిత్ర అంతకన్నా పాతది కాబట్టి ఈ కార్డు పోయినా సిబిల్‌కి పెద్ద దెబ్బ ఉండదని ముందే చూసుకున్నాను.

కొత్త కార్డు రాగానే బిల్లు తేదీ మార్పించాం. ఆ వీలు ఇవ్వాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. జీతం ఒకటో తేదీన పడుతుంది. బిల్లు పద్నాలుగున తయారై, గడువు నెల మొదట్లో వచ్చేలా పెట్టించాం. ఆటో డెబిట్ ఫారంలో రెండు గళ్లు ఉంటాయి: కనీస మొత్తం, పూర్తి మొత్తం. పూర్తి మొత్తం గడిలో టిక్కు పెట్టించి, ఆ పేజీ ఫొటో తీసుకున్నాను.

ఆవిడ పేరు మీద

ఈ భాగం వాళ్లు అడగలేదు, నేనే ఎత్తాను. ఆవిడ పదిహేనేళ్లుగా కుడుతున్నారు. సొంత ఖాతా ఉంది, సొంత కస్టమర్లు ఉన్నారు. సిబిల్‌లో మాత్రం ఆవిడకి చరిత్రే లేదు. రేపు పవర్ మెషీన్లు రెండు కొనడానికి లోను అడిగితే బ్యాంకు భర్త సంతకమే అడుగుతుంది. భర్త కార్డు మీద యాడ్-ఆన్ (అదే ఖాతాకి అనుబంధ కార్డు) తీసుకుంటే ఆ వాడకం భర్త ఖాతా చరిత్రలోనే చేరుతుంది.

ఆవిడ దగ్గర రూ.40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని హామీగా పెట్టి ఆవిడ పేరునే రూపే కార్డు తీసుకోమన్నాను. జీతం చీటీ అక్కర్లేదు, డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది. ఫీజు లేదు, యూపీఐ ఖర్చుకి 1 శాతం. కిరాణా మొత్తం దీని మీద పెట్టినా ఏడాదికి రూ.960 మించదు. ఆ తొమ్మిది వందల కోసం మాత్రమే అయితే రెండో కార్డు వద్దనేవాడిని. సైటు కార్డు బిల్లులు నాలుగు నెలలు సక్రమంగా కట్టాక, 2024 నవంబరులో తీసుకున్నారు. లిమిట్ రూ.32,000. నెలకి ఏడెనిమిది వేలు దాటనివ్వలేదు, అంటే పావు వంతు. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి సిబిల్‌కి వివరాలు పంపాలని నిబంధన వచ్చింది కాబట్టి ఏ ఆలస్యమైనా త్వరగానే నమోదైపోతుందని కూడా చెప్పాను. వేసవికల్లా ఆవిడ స్కోరు మొదటిసారి కనిపించింది, 741. ఫోన్లో ఆ అంకె చూపించి, "ఇది నాదేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఏడాది తర్వాత

2025 జూలైలో రిటర్ను కోసం మళ్లీ వచ్చారు. మళ్లీ పిన్ను కొట్టిన స్టేట్‌మెంట్లు.

సైటు కార్డు మీద వచ్చింది రూ.4,720. కిరాణా కార్డు మీద ఎనిమిది నెలలకి రూ.550. రెండు మూడుసార్లు బిల్లు రూ.2,000 దాటి నగదు ఇవ్వాల్సి వచ్చింది, లేకపోతే ఇంకొంచెం వచ్చేది. ఫీజులు సున్నా, వడ్డీ సున్నా. మొత్తం రూ.5,270.

అంచనా కన్నా సైటు కార్డు మీద రూ.500 ఎక్కువ రావడం నాకు నచ్చలేదు. కారణం వెతికితే ఆన్‌లైన్ ఖర్చు రూ.84,000 నుంచి రూ.97,000కి పెరిగింది. ఆ పదమూడు వేలల్లో ఎనిమిది వేలు కుట్టుపని సామాను. పెళ్లిళ్ల సీజన్లో పని పెరిగింది కాబట్టి అది ఖర్చు కాదు, పెట్టుబడి. మిగతా ఐదు వేలూ ఇంట్లోకి: ఒక మిక్సీ జారు, బెడ్‌షీట్లు, మాస్టారి బూట్లు, ఇంకా ఏవో. 5 శాతం వస్తుంది కదా అని కొన్నవి ఇందులో ఎన్ని అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సగం దాకా ఉంటాయండి" అన్నారు మాస్టారు.

అంటే రివార్డుగా వచ్చిన ఐదు వేల రెండొందల్లో దాదాపు సగం అక్కర్లేని కొనుగోలుకి తిరిగి వెళ్లిపోయింది. ఈ ఇంటికి ఆ ఏడాది నిజంగా మిగిలింది అంతకుముందు పోతున్న రూ.10,596. రెండో విడత కాలేజీ ఫీజు రికరింగ్ డిపాజిట్ డబ్బుతో యూపీఐలో కట్టారు. ఆ రసీదు కూడా ఫైల్లో పెట్టి తెచ్చారు.

కుట్టుపని సామానూ ఇంటి సామానూ ఒకే బిల్లులో కలిసిపోవడం వల్లే ఆ ఐదు వేలు ఏడాదంతా ఎవరికీ కనబడలేదు. పని సామాను ఆవిడ సొంత కార్డు మీద కొంటే 5 శాతం బదులు 1 శాతమే వస్తుంది. ఆవిడ వేరే దారి చెప్పారు. బిల్లు రాగానే తన సామాను వరుసలకి పెన్సిలుతో టిక్కు పెట్టి, ఆ మొత్తం తన ఖాతా నుంచి మాస్టారి ఖాతాకి పంపుతారు. ఆగస్టు నుంచి అలాగే చేస్తున్నారు. మొదటి నెల ఆవిడ వంతు రూ.3,412. గడువుకి రెండు రోజుల ముందే ఆయన ఖాతాలో పడింది.